పాత ఇళ్ళలో కరెంటు అతుకులే అసలు ముప్పు
అల్యూమినియం తీగకు రాగి తీగ మెలిపెట్టి టేపు చుడుతున్న వైనం - ఫ్యూజు కాపాడుతుందన్నది భ్రమే

సంగారెడ్డి : ఎక్కడ ఇల్లు కాలినా, దుకాణం తగలబడినా ‘షార్ట్ సర్క్యూట్’ అని ఒక్క మాట రాసుకొని ఊరుకోవడం ఆనవాయితీ అయిపోయింది. ఆ మాట వెనుక ఏమున్నదని ఆరా తీసేవారు తక్కువ. రెండు తీగలు ఒకదానికొకటి తగిలి నిప్పు లేచిన సందర్భాలు ఉంటాయి, కాదనలేము. కాని తీగలు తగలకుండానే, ఫ్యూజు పోకుండానే, ఒక అతుకు దగ్గర నెలల తరబడి వేడి పుట్టి చివరకు మంట రాజుకునే ప్రమాదం మరొకటి ఉంది. సంగారెడ్డి పాత ఇళ్ళలోను, పటాన్‌చెరు, రామచంద్రాపురం, ఇస్నాపూర్, బొల్లారం పరిసరాలలో పెరిగిన కిరాయి గదులలోను ఈ రెండవ రకం ప్రమాదానికి కావలసిన సరంజామా అంతా సిద్ధంగా ఉందని చెప్పక తప్పదు.

ఆ సరంజామా ఏమిటంటే - గోడలో పాత అల్యూమినియం తీగ, దానికి కొత్తగా మెలిపెట్టిన రాగి తీగ, పైన నల్ల టేపు. ఈ మూడూ కలిసిన చోటు సాధారణంగా ఎవరి కంటా పడదు. స్విచ్ బోర్డు వెనుకనో, అటక మీదనో, ఫ్యాన్ కప్పు లోపలనో ఉంటుంది.

అల్యూమినియం ఎందుకు వచ్చింది

ఈ ప్రాంతానికి పరిశ్రమలు వచ్చిన కాలమే ఇళ్ళలోకి అల్యూమినియం తీగ వచ్చిన కాలం కావడం గమనార్హం. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం నెలకొన్నది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. ఆ తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. ఉద్యోగులకు, కూలీలకు ఇళ్ళు కావలసి వచ్చాయి. గ్రామాలు బస్తీలయ్యాయి.

అవి దేశంలో రాగికి కరువుగా ఉన్న రోజులు. స్వదేశంలో దొరికే రాగి చాలక, విదేశీ మారక ద్రవ్యం పోసి దిగుమతి చేసుకోవలసి వచ్చేది. బాక్సైటు ఖనిజం మాత్రం మన దేశంలో దండిగా ఉంది. అందువల్ల విద్యుత్ లైన్లకు, కేబుళ్ళకు, చివరకు ఇళ్ళలోని వైరింగుకు సైతం అల్యూమినియం వాడకం పెరిగింది. 1960, 70, 80 దశకాలలో కట్టిన ఇళ్ళలో పి.వి.సి. తొడుగు ఉన్న ఒంటి పోగు అల్యూమినియం తీగ వేయడం మామూలు విషయమే. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, ప్లగ్గులకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసేవారు. కట్టె పట్టీల మీద క్లిప్పులు కొట్టి పరచిన వైరింగు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో కనిపిస్తుంది.

నాడు చేసినది తప్పు పని కాదు. ఆ ఇళ్ళలో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో మాత్రమే నడిచేవి. ఆ బరువుకు ఆ తీగ సరిపోయింది. అంతేకాదు, అల్యూమినియం చెడ్డ లోహమని అనుకోవడం కూడా పొరపాటు. ఊరి పొలిమేరలోని 11 కె.వి. లైను అల్యూమినియమే. వీధి స్తంభాల మీది తీగ అల్యూమినియమే. తీగలో ప్రమాదం లేదు. ప్రమాదమంతా అతుకులో ఉంది.

అతుకులో జరిగేది ఇదీ

రాగికి, అల్యూమినియానికి స్వభావంలో నాలుగు తేడాలు ఉన్నాయి. వాటిని తెలుసుకుంటే తక్కినదంతా సులువుగా బోధపడుతుంది.

మొదటిది, పొర. అల్యూమినియాన్ని చెక్కి బయటపెట్టిన మరుక్షణం గాలి తగిలి దాని మీద సన్నని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఈ పొర కంటికి కనిపించదు. ఇది కరెంటును పోనివ్వదు. రాగి మీద కూడా చిలుము పడుతుంది గాని అది ఇంతగా అడ్డుకోదు.

రెండవది, సాగుడు. వేడికి రాగి కంటె అల్యూమినియం మూడవ వంతు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. గీజరు వేసినప్పుడు ఉబ్బుతుంది, ఆర్పినప్పుడు తగ్గుతుంది. రోజూ ఇలా జరిగితే అతుకు క్రమంగా వదులవుతుంది.

మూడవది, మెత్తదనం. స్క్రూ కింద నొక్కిపెట్టిన అల్యూమినియం కాలక్రమాన పక్కలకు జారిపోతుంది. బిగించిన నాడు గట్టిగానే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి పట్టు సడలుతుంది. ఇది రాగితో అతికినప్పుడే కాదు, పాత స్విచ్చి స్క్రూ కింద కూడా జరుగుతుంది.

నాలుగవది, తేమ. రెండు వేర్వేరు లోహాలు తాకి ఉన్నచోట తడి చేరితే అది చిన్న బ్యాటరీ అవుతుంది. ఆ బ్యాటరీలో అరిగిపోయేది అల్యూమినియమే. వాన నీరు కారే గోడలో ఉన్న అతుకు తెల్లని పొడి పట్టి కనిపించడానికి కారణం ఇదే. గాలిలో ఆమ్లపు ఆవిరులు, లవణాలు ఉంటే ఈ తినివేత మరింత వేగంగా సాగుతుంది. పటాన్‌చెరు - బొల్లారం ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చిన సంగతి ఇక్కడివారికి తెలియనిది కాదు. ఊపిరితిత్తుల గురించి మాట్లాడుకున్నాము గాని, గోడలోని తీగల గురించి మాట్లాడుకోలేదు.

ఫ్యూజు ఎందుకు పోదు

‘ఎం.సి.బి. పెట్టించాము, ఇక భయం లేదు’ అని ఇంటి యజమానులు అనుకోవడం సహజం. చెడిన అతుకు విషయంలో ఈ ధైర్యం పనికిరాదు. లెక్క చూస్తే విషయం తేటతెల్లమవుతుంది.

రెండు వేల వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. లెక్కకు 10 ఆంపియర్లు అనుకుందాం. మంచి అతుకులో నిరోధం ఓములో వెయ్యవ వంతు ఉంటే అక్కడ పుట్టే వేడి వాటులో పదవ వంతు మాత్రమే. అది లెక్కలోకి రాదు. అదే అతుకు చెడి నిరోధం పావు ఓముకు పెరిగితే 25 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మరమ్మతు చేసేవారి సోల్డరింగు కడ్డీ 25 వాట్లదే. అది తగరాన్ని కరిగిస్తుంది. అలాంటి కడ్డీని టేపులో చుట్టి కట్టె పట్టీ మీద పెట్టి, గంటల తరబడి వదిలివేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మామూలు పి.వి.సి. తొడుగు భరించగలిగేది 70 డిగ్రీలు మాత్రమే.

ఇంత జరుగుతున్నా గీజరుకు అందే వోల్టేజిలో తగ్గేది రెండున్నర వోల్టులే. 230లో రెండున్నర పోతే ఎవరికీ తెలియదు. నీళ్ళు ఎప్పటిలాగే కాగుతాయి. కరెంటు 10 ఆంపియర్లు దాటదు కనుక 16 ఆంపియర్ల ఎం.సి.బి. కదలదు. ఎక్కువ కరెంటు పారినప్పుడు పడిపోవడం దాని పని. ఉన్న కరెంటే ఒకచోట నిప్పవుతుంటే దానికి తెలిసే దారి లేదు. షాకు నుండి కాపాడే ఆర్.సి.సి.బి.కి కూడా కరెంటు భూమిలోకి పోనంతవరకు ఏమీ తెలియదు.

అమెరికాకు తగిలిన దెబ్బ

ఇది మన పల్లె మేస్త్రీల అజ్ఞానం వల్ల వచ్చిన చిక్కని ఎవరైనా అనుకుంటే అది సరికాదు. అమెరికాలో 1965 నుండి 1973 వరకు రాగి ధర పెరిగినందువల్ల సుమారు 20 లక్షల ఇళ్ళలో అల్యూమినియం వైరింగు వేశారు. 1974లో న్యూయార్కు రాష్ట్రంలోని హాంప్టన్ బేస్‌లో ఒక ఇల్లు అంటుకొని ఇద్దరు మరణించారు. అల్యూమినియం తీగ కలిపిన చోట వేడెక్కడమే కారణమని తేల్చారు. అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం పరిశోధన చేయించగా, 1972కు ముందు అల్యూమినియం వైరింగు వేసిన ఇళ్ళలో అతుకులు, బిగింపులు నిప్పంటుకునే స్థితికి చేరే అవకాశం రాగి వైరింగు ఇళ్ళలో కంటె 55 రెట్లు ఎక్కువని తేలింది.

ఆ సంఘం చెప్పిన మార్గాలు మూడే. ఇల్లంతా రాగి తీగకు మార్చడం ఒకటి. ప్రత్యేక యంత్రంతో రెండు తీగలను ఒక తొడుగులో నొక్కి కలపడం రెండవది. రెండు లోహాలకూ పనికివచ్చేట్టు తయారైన స్క్రూ కనెక్టరులో విడివిడిగా బిగించడం మూడవది. టేపు చుట్టడం ఆ మూడింటిలో లేదు.

కిరాయి గదులలో పెరిగిన బరువు

మన దగ్గర పరిస్థితిని విషమింపజేస్తున్నది గదుల మీద పడిన బరువు. పారిశ్రామిక వాడలలో పని కోసం బీహారు, ఒడిశా, ఉత్తర ప్రదేశ్ వంటి రాష్ట్రాల నుండి వచ్చినవారు, మన జిల్లాల నుండి వచ్చినవారు ఈ గదులలో ఉంటున్నారు. ఒకప్పుడు ఒక కుటుంబం ఉన్న ఇంటిని నాలుగు పోర్షన్లు చేసి, పైన రేకుల గదులు వేసి కిరాయికి ఇవ్వడం పరిపాటి. ప్రతి గదికి ఒక ప్లగ్గు కావాలి. కరెంటు పొయ్యి, నీళ్ళు కాగబెట్టే రాడ్డు, కూలరు, ఫ్రిజ్జు అన్నీ దాని మీదనే. పోర్షన్లు పెంచిన యజమాని కొత్త గదికి రాగి తీగ లాగిస్తాడు. కాని ఆ రాగి తీగ ఎక్కడి నుండి మొదలవుతుంది? పాత స్విచ్ బోర్డులోని అల్యూమినియం తీగ దగ్గర నుండి. అంటే కొత్త గదుల బరువంతా ఆ ఒక్క అతుకు మీద పడుతుంది.

1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చేసే పనికి సుమారు 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ కావాలి. ఒకే లావు తీగ అయితే అల్యూమినియం మోయగలిగేది తక్కువ. ఈ లెక్క చూడకుండా పాత తీగ వెనుక పెద్ద ఫ్యూజు పెట్టి ‘ఇప్పుడు పోవడం లేదు’ అని సంతోషించడం ప్రమాదాన్ని దాచిపెట్టడమే అవుతుంది.

ఏ తీగో పోల్చుకోవడం ఎలా

గోకి చూడనిదే ఏ తీగో తేలదు. తెల్లగా కనిపించినదల్లా అల్యూమినియం కాదు. బాగా పాత ఇళ్ళలోని రబ్బరు తొడుగు రాగి తీగకు తగరం పూత ఉండేది. కత్తి మొనతో గోకితే లోపల ఎర్రగా కనిపిస్తుంది. అలాగే ఎర్రగా కనిపించినదల్లా రాగి కాదు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను తక్కువ ధరకు అంటగట్టే వ్యాపారం ఉంది. గోకితే లోపల తెల్లగా తేలుతుంది. చుట్ట చేతిలోకి తీసుకుంటే తేలికగా ఉంటుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు, రసీదు లేకుండా వైరు కొనడం మంచిది కాదు.

అతుకు చెడిందనడానికి గుర్తులు ఉన్నాయి. మోటారో గీజరో వేయగానే లైట్లు మినుకుమినుకుమనడం, స్విచ్ ప్లేటు మీద చేయి పెడితే వెచ్చగా తగలడం, ప్లాస్టిక్కు కాలిన వాసన రావడం, బోర్డు అంచు గోధుమ రంగుకు తిరగడం, లోపల చిటపటమని శబ్దం రావడం - వీటిలో ఏది కనిపించినా ఆ లైను వాడకం ఆపి, మెయిన్ ఆర్పి, తెలిసినవారిని పిలిపించాలి.

సరైన పని ఏది

అన్నిటికంటె మేలైనది పాత అల్యూమినియం తీగ పూర్తిగా తీసివేసి రాగి తీగ వేయించడం. అంత ఖర్చు ఒక్కసారి భరించలేని ఇళ్ళకు మధ్యేమార్గం ఒకటి ఉంది. గీజరు, కరెంటు పొయ్యి, మోటారు, ఏ.సి. వంటి బరువైన వాటికి మెయిన్ దగ్గర నుండి విడిగా కొత్త రాగి లైను లాగి, దానికి విడిగా ఎం.సి.బి. పెట్టాలి. పాత అల్యూమినియం తీగను లైట్లకు, ఫ్యాన్లకు మాత్రమే వదిలి, దాని వెనుక 6 ఆంపియర్లకు మించని ఎం.సి.బి. పెట్టాలి. ఈ పద్ధతిలో రెండు లోహాలను గోడలో కలపవలసిన అవసరమే రాదు. రాని అతుకు చెడదు.

తప్పనిసరిగా కలపవలసి వస్తే పాటించవలసినవి ఇవి. మెయిన్ ఆర్పి, కరెంటు లేదని టెస్టరుతో చూసుకున్నాకే చేయి పెట్టాలి. తొడుగు తీసేటప్పుడు తీగ మీద కత్తి గాటు పడకూడదు. ఒంటి పోగు అల్యూమినియం గాటు పడిన చోట వంచితే విరుగుతుంది. ఆక్సైడు పొర పోయేటట్టు తీగను గరుకు కాగితంతో రుద్ది, వెంటనే గాలి తగలకుండా అందుకోసం దొరికే పేస్టు పూయాలి. అల్యూమినియానికి, రాగికి రెండింటికీ పనికివస్తుందని రాసి ఉన్న కనెక్టరే వాడాలి. దానిలో రెండు తీగలు వేర్వేరు రంధ్రాలలో, వేర్వేరు స్క్రూల కింద ఉండాలి. ఒకదానికొకటి తగలకూడదు. తయారీదారు చెప్పినంత బిగువే బిగించాలి. తక్కువైతే వదులు, ఎక్కువైతే తీగ నలుగుతుంది. అతుకును మూత ఉన్న పెట్టెలో, మళ్ళీ విప్పి చూసుకొనే చోట ఉంచాలి. ప్లాస్టరు కింద పూడ్చరాదు.

లావు కేబుళ్ళకు సగం అల్యూమినియం, సగం రాగి ఉన్న బైమెటల్ లగ్గులు, వాషర్లు ఉన్నాయి. వాషరు అల్యూమినియం ముఖం అల్యూమినియం వైపు, రాగి ముఖం రాగి వైపు ఉండాలి. తిరగేసి పెడితే పెట్టనట్టే. ఫ్యాక్టరీ ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర, ప్యానెళ్ళ దగ్గర ఇవి లేకుండా కేబులు బిగించరు. ఆ ఫ్యాక్టరీలో పగలంతా ఈ జాగ్రత్త నడుమ పనిచేసిన కార్మికుడు రాత్రి వచ్చి పడుకునే గదిలో మాత్రం మెలి, టేపు రాజ్యమేలుతున్నాయి. ఇది శోచనీయం.

మీటరు దగ్గరి అతుకు

రాగి వైరింగు ఉన్న ఇంటివారు సైతం పూర్తిగా నిశ్చింతగా ఉండే వీలు లేదు. స్తంభం నుండి మీటరుకు వచ్చే సర్వీసు వైరు సాధారణంగా అల్యూమినియమే. ఇంటిలోకి పోయేది రాగి. కనుక మీటరు దగ్గరనో మెయిన్ దగ్గరనో ఈ రెండు లోహాలు కలిసే అవకాశం కొత్త ఇంటిలో కూడా ఉంది. ఎండ, వాన తగిలే చోట అయితే అల్యూమినియం పైన, రాగి కింద ఉండేటట్టు చూడాలి. రాగి మీదుగా కారిన నీరు అల్యూమినియం మీద పడితే దాన్ని తినివేస్తుంది.

మూడు ఫేజుల సర్వీసు ఉండి, పోర్షన్లను ఫేజుల వారీగా పంచిన ఇళ్ళలో న్యూట్రల్ అతుకు మరీ ముఖ్యం. అది ఊడితే బరువు తక్కువ ఉన్న గదిలోకి 230 వోల్టులకు బదులు 400కు దగ్గరగా రావచ్చు. ఒకే ఇంటిలో ఒక గదిలో బల్బు మందగించి, పక్క గదిలో టీవీ, ఫ్రిజ్జు కాలిపోయాయంటే ముందుగా అనుమానించవలసినది న్యూట్రల్‌నే. మీటరు సీలు, సర్వీసు వైరు విద్యుత్ సంస్థ పరిధిలోనివి. వాటిని లైన్‌మన్‌కు చెప్పి చేయించాలే గాని సొంతంగా ముట్టరాదు.

బాధ్యత ఎవరిది

మీటరు దాటాక లోపల ఏమి జరిగినా అది ఇంటి యజమాని బాధ్యత. కనెక్షను ఇచ్చేనాడు కాంట్రాక్టరు సంతకం పెట్టిన టెస్టు రిపోర్టు ఫైలులో ఉంటుంది. ఆ తరువాత ఎన్ని గదులు పెరిగినా, ఎన్ని తీగలు లాగినా ఆచరణలో చూసేవారు లేరు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చుకోవడం వంటి చిన్న పనులు తప్ప, వైరింగు పెంచడం, మార్చడం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, అర్హత పత్రం ఉన్నవారి పర్యవేక్షణలో జరగాలని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలే చెప్పాయి. 2010లోను, 2023లోను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనలు కూడా అదే మాట చెబుతున్నాయి. చట్టం ఉన్నది, అమలు చేసే నాథుడు లేడు.

మధ్యలో నలిగిపోతున్నది కిరాయిదారు. బోర్డు విప్పే హక్కు అతనికి లేదు. బోర్డు వెచ్చగా ఉన్నదని చెబితే ‘పొయ్యి వాడవద్దు’ అన్న సమాధానం వస్తుంది. గట్టిగా అడిగితే గది ఖాళీ చేయవలసి వస్తుందన్న భయం. ఆరు నెలలకో ఏడాదికో గది మారేవాడికి ఆ గోడలో ఏమున్నదో తెలిసే అవకాశమూ లేదు. యజమాని వైపు నుండి చూస్తే, గోడలు పగలగొట్టి వైరింగు మార్చే రోజులలో కిరాయి రాదు. అందుచేత ‘ఇన్నేళ్ళు నడిచింది, ఇక ముందూ నడుస్తుంది’ అని వాయిదా వేస్తాడు. కాని ఇన్నేళ్ళు నడిచినది నాలుగు బల్బుల బరువు మీద. ఇప్పటి బరువు వేరు.

ఇందుకు పెద్ద పథకాలు అక్కరలేదు. తెలంగాణ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ సెక్షను కార్యాలయాలు లోడు పెంచమని దరఖాస్తు వచ్చినప్పుడు, అదనపు మీటరు అడిగినప్పుడు లోపలి వైరింగు ఏ లోహానిదో ఒక గడిలో రాయించుకొని, కొత్త టెస్టు రిపోర్టు అడిగితే చాలు. పురపాలక సంఘాలు కిరాయి గదులకు అనుమతులు, పన్నులు చూసేటప్పుడు స్విచ్ బోర్డు వైపు ఒకసారి చూస్తే చాలు. ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియన్ విద్యార్థులకు రాగి - అల్యూమినియం అతుకును చేతితో చేయించి, చెడిన అతుకును కళ్ళకు చూపిస్తే రేపటి మేస్త్రీలు టేపు జోలికి పోరు. కార్మిక సంఘాలు జీతభత్యాలతో పాటు కార్మికుడు పడుకునే గది సంగతి కూడా పట్టించుకోవడం న్యాయం.

సరైన కనెక్టరు, గంట సేపు పని - ఒక అతుకుకు కావలసినది ఇంతే. దానికి వెనుకాడి, ఇల్లు కాలిన తరువాత పంచనామాలో ‘షార్ట్ సర్క్యూట్’ అని రాయించుకోవడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. ఎండాకాలం కూలర్లు, ఏ.సి.లు మొదలు కాకముందే యజమానులు తమ బోర్డులు విప్పించి చూసుకోవడం, అధికారులు చూడని వారిచేత చూపించడం అవసరం.